మెడకు కట్టుకున్న మంచివాడు

నా భార్య హైమ రెండేళ్ళ పాటు నాకంటే మంచివాడైన ఒక మగవాణ్ణి చూసి మురిసిపోయింది. వాడు ఎక్కడివాడో కాదు, నా మెడకే వేలాడుతూ ఉండేవాడు. వాడి గొంతు నాది. వాడు మాట్లాడాలంటే నా దవడ కదలాలి. అయినా వాడి మాటల్లో నావి సగం కూడా ఉండేవి కావు. పెళ్ళాం మీద అనుమానపడే మొగుళ్ళను చాలామందిని చూశాను గానీ, తన గొంతును చూసి తానే కుళ్ళుకున్నవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూశాను.

నా పేరు బత్తుల కోటిలింగం. నరసరావుపేటలో హైస్కూలు లెక్కల మాస్టార్ని. కానీ మా చుట్టుపక్కల నన్ను లెక్కల వల్ల ఎరిగినవాళ్ళు తక్కువ. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే మైకు నా చేతికి ఇచ్చేవాళ్ళు. ఏ జత ఎంత దూరం లాగింది, తోలేవాడు ఎక్కడ తడబడ్డాడు, ఏ ఎద్దు కష్టపడుతోంది, ఏ ఎద్దు నటిస్తోంది, అన్నీ నా నోటి వెంట వరసగా వచ్చేవి. స్టేజీ మీద పెద్దమనిషి ఎవరైనా కునుకు తీస్తే అదీ చెప్పేవాణ్ణి. జనం ఎడ్ల కోసం వచ్చినా నా మాటల కోసం ఆగేవాళ్ళు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కాస్త గొప్ప కోసం కూడా చెబుతున్నాను.

అలాంటి నోటిని పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తూ నడవడం మిగిలింది. నాలుక మొద్దుబారి, ఏం మాట్లాడినా ముద్దముద్దగా వచ్చేది. చూడవచ్చినవాళ్ళు తలలూపి, నా వంక కాకుండా హైమ వంక చూసేవాళ్ళు. ఆ ముద్ద మాటలు అర్థమయ్యేది ఆమె ఒక్కతెకే. నేనేదో అంటే ఆమె విని, వాళ్ళకు విడమరిచి చెప్పేది. ఎడమ బొటనవేలితో ఫోన్లో టైపు చేసి చూపించేవాణ్ణి గానీ, ఒక్క వాక్యం పూర్తయ్యేలోగా వచ్చినవాళ్ళు చెప్పులు వేసుకునేవాళ్ళు.

హైమ హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. మాకు పిల్లలు లేరు. ఆఫీసు పని అయ్యాక ఆమె నా కోసం ఇంకో పని మొదలుపెట్టింది. దానికి 'పలుకు' అని పేరు పెట్టింది. మనిషి మాట్లాడబోయేటప్పుడు దవడ కింద, గొంతు మీద కండరాల్లో సన్నటి కరెంటు పారుతుందట. నాలుక తడబడినా ఆ కరెంటు తడబడదట. దాన్ని పట్టుకునే పట్టీ ఒకటి మెడకు కట్టి, ఏ కదలికకు ఏ మాటో కంప్యూటరుకు నేర్పితే, పట్టీకి ఉన్న చిన్న స్పీకరు ఆ మాటను పలుకుతుంది. నా పాత మైకు రికార్డులన్నీ ఊళ్ళమ్మట తిరిగి పోగుచేసి, వాటి నుంచి నా గొంతునే తయారుచేసింది.

ఆ కోడునంతా ఆమె ఓపెన్ సోర్స్‌లో పెట్టింది. అంటే ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, బాగుచేసి పంపవచ్చు. పంపినవాటిని చదివి, బాగుంటే కలిపే అధికారం ఆమెది. పక్షవాతం ఒక్క కోటిలింగానికే రాలేదు కదా అనేది. ఎక్కడెక్కడివాళ్ళో ముక్కలు రాసి పంపారు. బ్యాటరీ ఎక్కువసేపు నిలిచేలా ఒకరు, ఫ్యాను రొదలో కూడా పనిచేసేలా మరొకరు. మొహాలు ఎరగని మనుషులు తమ సాయంత్రాలు తెచ్చి నా గొంతులో పోశారు. ఈ సంగతి ఎంత కుళ్ళులో ఉన్నా నేను మరిచిపోలేదు.

యంత్రానికి నేర్పాలంటే నేను మాట్లాడినప్పుడల్లా, నేనేమన్నానో పక్కనుంచి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. హైమే రాసింది. నెలల తరబడి నా పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, నేను గొణిగిన ప్రతి ముక్కా విని టైపు చేసింది. కోడుతో పాటు నా గొణుగుడు రికార్డులూ, ఆమె రాతలూ కూడా అందరికీ కనబడే చోటే ఉండేవి.

పట్టీ మొదటిసారి కట్టిన రోజున ఇంటినిండా జనం. నాకు దాహం వేసింది. జనం మధ్య నన్ను బొమ్మలా కూర్చోబెట్టారని చిరాగ్గా కూడా ఉంది. "నీళ్ళు తగలెయ్యి" అన్నాను. రెండు క్షణాలాగి నా మెడ కింద నుంచి నా గొంతు, తిరునాళ్ళలో మోగిన ఆ గొంతు, "హైమా, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?" అంది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. హైమ గ్లాసు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో, నేనన్నది అది కాదని చెప్పాలని తోచలేదు.

తర్వాత మా రత్తక్క ఇంటికి భోజనానికి వెళ్ళాం. ఆమె మా పెద్దక్క, నన్ను ఎత్తుకుని పెంచింది, ఆ పెత్తనం ఇప్పటికీ వదల్లేదు. పప్పుచారు రెండు ముద్దలు తిని, "అక్కా, దీంట్లో పప్పు ఏ మూలన దాక్కుంది?" అన్నాను. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అయితే ఈ మాటకు ఆమె గరిటె విసిరేది, బావ నవ్వేవాడు, భోజనం రంజుగా సాగేది. నా మెడలోనివాడు మాత్రం, "అక్కా, నీ చేతి వంట తిని ఎన్నాళ్ళయిందో" అన్నాడు. రత్తక్క కళ్ళు ఒత్తుకుని, జబ్బు చేశాక మా తమ్ముడు మనిషయ్యాడని వీధిలో అందరికీ చెప్పుకుంది. ఇంటికొచ్చి, 'నేను అలా అనలేదు' అని ఫోన్లో కొట్టి హైమకు చూపించాను. భావం అదే కదా అంది. 'భావం అది కాదు' అని కొట్టాను. ఆమె నవ్వి, అలా అనుకుంటే తప్పేముందని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నాకు వాడి మీద కన్నుపడింది. సాయంత్రం హైమ ఆఫీసు పని ముగించి నా ఎదురుగా కూర్చునేది. నేను ఆకలిమీద ఏదో సణిగితే, వాడు ఇవాళ పని ఎలా నడిచిందని ఆమెను అడిగేవాడు. ఆమె చెప్పుకొచ్చేది. మేనేజరు ఏమన్నాడు, కొత్తగా చేరిన పిల్ల ఎంత చురుకు, తలనొప్పి ఎప్పుడు మొదలైంది, అన్నీ. నాతో కాపురం చేసిన ఇన్నేళ్ళలో అన్ని మాటలు ఆమె నాతో చెప్పినట్టు లేదు. నేను వాణ్ణి నిలబెట్టే స్టాండులా ఊరికే కూర్చునేవాణ్ణి. మధ్యలో ఆపుదామని దవడ బిగిస్తే వాడు ఇంకా మెత్తబడేవాడు. నాకు కోపం ఎంత ఎక్కువైతే వాడికి ప్రేమ అంత పొంగేది.

పట్టీని ఆమె మెత్తటి గుడ్డతో తుడిచేది. నా చొక్కా కాలరు మాసినా గమనించనిది, ఆ పట్టీ మీద చెమట మరక ఉండనిచ్చేది కాదు. దాన్ని చార్జింగుకు పెట్టిన గంటసేపూ ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం, ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. ఆమె పేపరు చదువుతూ మధ్యమధ్యలో పచ్చలైటు వెలిగిందా అని అటు చూసేది. నా వైపు అలా చూసి ఎన్నాళ్ళయిందని ఒళ్ళు మండిపోయేది.

ఇలా ఉండగా ఇంటర్‌నెట్‌లో పలుకు కోడు ఉన్న పేజీలోకి 'ముప్పైమూడో పన్ను' అనే పేరుతో ఒక మనిషి వచ్చింది. అసలు పేరు డాక్టర్ షహనాజ్, కడపలో పళ్ళ డాక్టరు. దవడ ఆపరేషన్లయి మాట పోయినవాళ్ళ కోసం పలుకును వాడుతోంది. ఆమె దగ్గరికి, మాట పోకముందు నోరు తెరిస్తే బూతు తప్ప రాని ఒక ముసలాయన వచ్చాడట. పట్టీ కట్టగానే ఆయన అందరికీ నమస్కారాలు పెట్టి, దయచేసి అనడం మొదలుపెట్టాడట. ఇంట్లోవాళ్ళు హడలిపోయి, ఈయన మా నాన్న కాదు, మా నాన్నను మాకు ఇవ్వండని పట్టుబట్టారట. కారణం వెతుకుతూ వెతుకుతూ ఆమె కోడు లోపలికి దిగింది. దవడ కండరాలు ఆమెకు కొట్టినపిండి. పట్టీ నేర్చుకునే పద్ధతే మార్చేసి, ఒక పెద్ద ప్యాచ్, అంటే కోడుకు వేసే దిద్దుబాటు, రాసి పంపింది.

పంపిన మార్పుల్లో తీసేసిన వరసలు ఎర్రగా, కొత్తగా కలిపినవి పచ్చగా కనిపిస్తాయి. హైమ ఆ పేజీ తెరిచినప్పుడు నేను వెనక నిలబడి చూశాను. మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలా తెర అంతా ఎరుపే. హైమ నెలల తరబడి నా పక్కన కూర్చుని రాసినవన్నీ తీసేయమంటోంది ఆ మనిషి. వినేవాళ్ళు రాసింది వద్దు, గొంతు ఎవరిదో ఆ మనిషే, ముందుగా రాసిచ్చిన వాక్యాలను చదవాలి, మధ్యలో ఎవరూ ఉండకూడదు అని కింద వివరం రాసింది. హైమ చదివి, పళ్ళు పీకేవాళ్ళకు ఈ కోడు గోలెందుకో అని తెర మూసేసింది. ఎవరు ఏది పంపినా ముందు కృతజ్ఞతలు చెప్పే మనిషి ఆ రోజు జవాబే రాయలేదు.

కొత్త పద్ధతిని పరీక్షించడానికి షహనాజ్‌కు నా సాయం కావలసి వచ్చింది. ఆ గొంతూ ఆ రికార్డులూ మొదట నావే కదా. మధ్యాహ్నం ఆసుపత్రి ఖాళీగా ఉన్న సమయంలో వీడియోలో మాట్లాడుకునేవాళ్ళం. నా పట్టీ సంకేతాలు ఇంటర్‌నెట్‌లో ఆమె కంప్యూటరుకు వెళ్ళేవి, ఆమె రాసిన కోడు వాటిని పలికేది. కొన్నాళ్ళు ఆమె ఇచ్చిన వాక్యాలు చదివాను. తర్వాత ఒకరోజు, ఇక మీకు తోచింది మాట్లాడండి సార్ అంది. ఆమె వెనక గోడకు పెద్ద పళ్ళసెట్టు బొమ్మ ఉంది. "అమ్మా, నీ వెనక ఉన్నాయన ఇందాకట్నుంచి ఇకిలిస్తానే ఉన్నాడు, నేనేమన్నా ఎగతాళి చేశానా?" అన్నాను. అటు నుంచి నా గొంతులో అచ్చం అదే మాట, ఆ వరసలోనే, ఆ వెటకారంతోనే వచ్చింది. షహనాజ్ పగలబడి నవ్వింది. నా మాటకు ఒక మనిషి నవ్వి రెండేళ్ళు దాటింది.

అప్పుడే ఆమె ఆ సంగతి చెప్పింది. నా గొణుగుడు రికార్డులను నెమ్మదిగా నడిపి వింటే నేనేమంటున్నానో ఆమెకు కూడా కొంచెం కొంచెం తెలుస్తోందట. "సార్, మీరు చెప్పింది ఒకటి, మేడమ్ రాసింది ఒకటి ఉండాది. అర్థం కాక రాసినట్టు లేదు. అర్థమయ్యే మార్చినారు. డబ్బాకు ఆ మర్యాద నేర్పింది మేడమే" అంది.

ఆ సాయంత్రం హైమను అడిగాను. పట్టీ తీసి పక్కన పెట్టి, నా ముద్ద మాటలతోనే అడిగాను. ఆమె దాచలేదు.

"మీరు రోజంతా తిట్టిన తిట్లు, సణిగిన సణుగుళ్ళు, ప్రపంచమంతా చూసే చోట నా చేత్తో నేనే రాయాలా? రేపు ఎవరన్నా చదివితే నా మొగుడు ఇట్టాంటివాడని అనుకోరా? మొదట్లో సిగ్గేసి మార్చాను." తల దించుకుని మళ్ళీ అంది. "తర్వాత వినడానికి బాగుండి మార్చాను."

ఆమె అబద్ధమాడి ఉంటే బాగుండేదని అనిపించింది. వాడి మాటలన్నీ ఆమె కోరుకున్నవే. ఆమె ఒక్కొక్కటీ టైపు చేసి వాణ్ణి కట్టుకుంది. నాకు రోషం వచ్చింది, సిగ్గు వచ్చింది, రెంటినీ మించి వాడి మీద పట్టరాని ఈర్ష్య వచ్చింది.

ఇక పేజీలో యుద్ధం మొదలైంది. ఓపెన్ సోర్స్‌లో జరిగేవన్నీ బహిరంగమే, ఎవరు ఏమన్నారో అందరూ చదవవచ్చు. ప్యాచ్ తప్పని హైమ అనలేకపోయింది, ఎందుకంటే తప్పు కాదు. అందుకని చిన్నచిన్న వంకలు పట్టింది. ఫలానా పేరు పొడుగ్గా ఉంది, మార్చండి. ఇక్కడ వివరణ చాలదు, రాయండి. ఈ భాగం వేరే ఫైల్లో ఉండాలి. షహనాజ్ మార్చి పంపింది. వేరే ఫైల్లో ఎందుకు పెట్టారు, మొదటి చోటే నయం. షహనాజ్ మళ్ళీ మార్చింది. పాత పరికరాల మీద పరీక్షించారా అని ఒకసారి, కొత్తవాటి మీద పరీక్షించారా అని ఒకసారి. అన్నిటికీ ఆ పిల్ల సరే మేడమ్ అనే రాసింది. ఆ ఓపిక చూసి హైమకు ఇంకా మండేది.

ప్యాచ్ కంటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది మధ్యాహ్నపు వీడియోలని నాకు తర్వాత తెలిసింది. పక్కగదిలో ఆఫీసు మీటింగులో కూర్చుని మా నవ్వులు వినేదట. ఒకరోజు భోజనాల దగ్గర బయటపడింది.

"ఆవిడతో మాట్లాడినంతసేపూ మీ మొహం వెలిగిపోతా ఉంటుంది. జోకులంట, ముచ్చట్లంట. నాతో ఎప్పుడన్నా అట్టా నవ్వారా? మీ గొంతు నిలబెట్టింది నేను. నెలల తరబడి మీ మూతి చూస్తా కూర్చుంది నేను. ఆవిడ నిన్నగాక మొన్నొచ్చి నవ్వుతా ఉంటే, మీరు ఇకిలిస్తన్నారు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు. నాకు మాత్రం జాలి కలగలేదు. "నన్నెప్పుడు నవ్వనిచ్చావు? నీకు కావలసినవాడు ఇదుగో, ఈ డబ్బాలో ఉన్నాడు. వాడితోనే కాపురం చెయ్యి" అన్నాను. పట్టీ మెడకే ఉందన్న సంగతి మరిచిపోయాను. వాడు తొణక్కుండా, "నిన్ను బాధపెట్టాను హైమా. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి?" అన్నాడు.

ఆమె పెదవి నేను అరిచినప్పుడు కాదు, వాడు ఓదార్చినప్పుడు వణికింది. నేనన్నది ఆమెకు స్పష్టంగా అర్థమైంది, నా ముద్ద మాటలు ఆమెకు ఎప్పుడూ అర్థమవుతాయి. అయినా ఆమె నన్ను వదిలేసి వాడికి జవాబిచ్చింది. "పోనీలెండి" అని నా మెడ వైపు చూస్తూ అంది. నేను ఎడమచేత్తో పట్టీ గుంజి పడేశాను. అది కంచంలో పడి చారు చిందింది. ఆమె ముందు దాన్ని తీసి తుడిచింది.

పలుకు మొదలుపెట్టిన రోజుల్లో హైమ కొన్ని నియమాలు రాసింది. ఎవరి గొంతు వాళ్ళదని, గొంతు తీరును మార్చే ఏ మార్పుకైనా దాన్ని కట్టుకున్న మనిషి అంగీకారమే చివరి మాటని, ఇంట్లోవాళ్ళది కాదని అందులో ఉంది. నన్ను దృష్టిలో పెట్టుకునే ఆమె అది రాసిందని నాకు తెలుసు. అప్పట్లో ఆమెకు వాడు ఇంకా పరిచయం కాలేదు. షహనాజ్‌కూ ఆ నియమం తెలుసు గానీ, మర్యాద కొద్దీ ఎత్తలేదు. నేను ఎత్తాను. పేజీలో ఒక ఖాతా తెరిచి, ఎడమ బొటనవేలితో ఒక్కో అక్షరం కొట్టాను.

'ఈ గొంతు నాది. నేనన్నదే ఇది అనాలి. ఈ మార్పు నాకు కావాలి. బత్తుల కోటిలింగం.'

అది పంపగానే పక్కగదిలో హైమ లాప్‌టాప్ టింగుమంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె గుమ్మం దాకా వచ్చి, గొళ్ళెం పట్టుకుని నిలబడింది. ఏదైనా అంటే బాగుండునని చూశాను. ఎక్కడెక్కడివాళ్ళో చదివే చోట పెళ్ళాం మాట కాదని మొగుడు సంతకం పెట్టాడు, ఇక అనడానికేముంది. ఆమె వెనక్కి వెళ్ళి, తన చేత్తోనే ఆ ప్యాచ్‌ను కలిపేసింది. కింద 'మంచి పని చేశారు షహనాజ్ గారూ' అని కూడా రాసింది. ఆ తర్వాత పాత కోడు మొత్తం, తను రాసిన నా మాటలతో సహా, తన పేరు మీద వేరే కాపీ తీసుకుంది. దాన్ని ఫోర్క్ అంటారు. ఓపెన్ సోర్స్‌లో ఆ హక్కు అందరికీ ఉంటుంది. 'పాత పలుకు' అని పేరు పెట్టుకుంది. దాన్ని వాడేవాళ్ళు ఎవరూ లేరు.

నా నోరు నాకు వచ్చింది. ఆ ఏడు తిరునాళ్ళలో మళ్ళీ మైకు ముందు కూర్చున్నాను. పట్టీ స్పీకరుకు మైకు ఆనించారు. ఒక జత ఎద్దులు సగం దూరంలో మొరాయిస్తే, "ఇవి లాగడానికి రాలా, తోలేవాణ్ణి చూసి పోదామని వచ్చాయి" అన్నాను. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు నా ఒంట్లోకి ప్రాణంలా పాకింది. షహనాజ్ వీడియోలో చూసి ఈల వేసింది.

ఇంట్లో మాత్రం వేరే కథ నడిచింది. రత్తక్కకు ఒకసారి ఆమె వంట గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్ళీ పాత రోగం వచ్చిందని రావడం తగ్గించింది. అది నాకు పెద్ద లెక్క కాదు. హైమ నా ఎదురుగా కూర్చోవడం మానేసింది, అదే లెక్క. "ఇంకా కాలేదా?" అంటే పట్టీ "ఇంకా కాలేదా?" అనే అనేది. ఆమె కంచం తెచ్చి పెట్టి వెళ్ళిపోయేది. కోపం చూపించలేదు, అలగలేదు. ఆఫీసులో ఏమైందో చెప్పడం లేదు, అంతే. పట్టీని ఇప్పుడు నేనే ఎడమచేత్తో తుడుచుకుంటున్నాను. సరిగ్గా తుడవడం రావడం లేదు.

మంచి మాట ఒకటి అందామని చాలాసార్లు నోటి దాకా వచ్చింది. కానీ ఏ మాట చూసినా వాడు అనేసిన మాటే. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో అని వాడు అన్నాడు. ఎలా ఉన్నావని వాడు అడిగాడు. ఆ మాట నేనంటే వాణ్ణి చూసి నేర్చుకున్నాననుకుంటుంది, లేదా వాడే మళ్ళీ వచ్చాడనుకుని మురుస్తుంది. రెండోది తలుచుకుంటే దవడ దానంతటదే బిగుసుకునేది. వాణ్ణి పట్టీలోంచి తీయించాను గానీ, వాడి మీద ఈర్ష్య మాత్రం నాలోనే ఉండిపోయింది. నేను ప్రేమగా అనగలిగిన మాటలన్నీ వాడే ముందుగా అనేసి పోయాడు.

మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని ఉన్నాను. వంటింట్లోంచి నా గొంతు వినిపించింది. పట్టీ నా మెడకే ఉంది, నా నోరు మూసే ఉంది. లోపల నేను ఎవరినో వాన పడుతోందా అని అడుగుతున్నాను. కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాను.

హైమ నాకు వీపు పెట్టి, పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఎదురుగా స్టూలు మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. పాత పలుకును పరీక్షిస్తోంది. కోడు చెడిపోలేదని చూడటానికి, నా పాత దవడ సంకేతాల నమూనాలన్నీ ఒక్కొక్కటిగా నడిపిస్తారు. వాడు ఒక మాట అంటాడు, కాస్త ఆగుతాడు, ఇంకో మాట అంటాడు. ఎవరూ వాడని కోడుకు పరీక్షలెందుకని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండి ఉండదు. వాడు ఇవాళ చల్లగా ఉంది కదా అన్నాడు. "చల్లగానే ఉంది" అంది హైమ. వాడు కాఫీ బాగుందన్నాడు. "పంచదార ఎక్కువైందనుకున్నానే" అంది. ఆ గొంతులో ఉన్న తీరిక నాకు తెలుసు, ఒకప్పుడు నా ఎదురుగా కూర్చుని అలాగే మాట్లాడేది, నాతో కాదు గానీ నా ఎదురుగానే.

నాకు వెటకారం నాలుక చివరి దాకా వచ్చింది. ఆ తర్వాత ఆమె చేతులు చూశాను. తుంచుతూ తుంచుతూ మధ్యలో ఆపి, కుడి మణికట్టును ఎడమచేత్తో నొక్కుకుంటోంది. రోజంతా టైపు చేసే చెయ్యి అది. ఎన్నాళ్ళ నుంచి అలా నొక్కుకుంటోందో నేనెప్పుడూ చూడలేదు. వాడు మాత్రం ఎక్కడ చూస్తాడు, వాడికి కళ్ళు లేవు. వాడెప్పుడూ ఒక మాట అనడమే గానీ, ఒక పని చేస్తానన్న పాపాన పోలేదు.

వాడు ఆగిన సందు చూసి నోరు కదిపాను. పట్టీ నేనన్నది అన్నట్టే పలికింది.

"చెయ్యి లాగుతోందా హైమా? ఆ చిక్కుళ్ళు ఇటు పడెయ్, ఒంటిచేత్తో ఎట్టాగో తుంచుతాలే."

అదే గొంతు. ఆమె చేతులు ఆగాయి. వెనక్కి తిరుగుతుందని కర్రను గట్టిగా పట్టుకున్నాను. ఆమె తిరగలేదు. తల కొంచెం పక్కకు వంచి, లాప్‌టాప్ వంక వింతగా చూసింది.

"ఈ మాట నేను రాసినట్టు గుర్తు లేదే" అంది.

చెయ్యి కొంగుకు తుడుచుకుని, ముందుకు వంగి, అది ఎక్కడుందో తెర మీద పైనుంచి కిందికి వెతకడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.